ఉక్కు ఆకాశం కింద... ఒక మనిషి, ఒక మరమనిషి, ఒక మౌస్!

ఎర్రటి ఎడారి. కనుచూపు మేరలో చెట్టూ లేదు, నీడా లేదు. ఇనుప తుక్కు మధ్య ఒక చిన్న గూడెం. హఠాత్తుగా ఆకాశంలో హెలికాప్టర్ చప్పుడు! నల్లని యూనిఫారాల వాళ్లు దిగుతారు. ఒకే ఒక్క యువకుడి కోసం వచ్చారు వాళ్లు. అతణ్ణి రెక్కలు విరిచి ఎక్కించుకుంటారు. గూడెం కళ్లముందే పేలిపోతుంది. ఆ మంటలు కిటికీలోంచి చూస్తూ, తనను ఎందుకు తీసుకుపోతున్నారో తెలియక, ఆ కుర్రాడు పళ్లు కొరుకుతాడు. ఇంతలో హెలికాప్టర్ అదుపు తప్పి, ఆకాశాన్నంటే ఒక మహానగరం నెత్తిన కూలుతుంది. కుర్రాడు పరుగు... వెనుక తుపాకులు...

ఏ సినిమా ఇది అనుకుంటున్నారా? సినిమా కాదు. కంప్యూటర్ ఆట! పేరు 'బెనీత్ ఎ స్టీల్ స్కై'. అంటే 'ఉక్కు ఆకాశం కింద' అన్నమాట. 1994లో ఇంగ్లండులో తయారైంది. అప్పట్లో దీన్ని ఆడినవాళ్ల తలలు ఇప్పుడు నెరుస్తున్నాయి. అయినా ఈ ఆట మాత్రం ఇంకా బతికే ఉంది. అదెలా బతికిందన్నది ఆటలోని కథకు ఏమాత్రం తీసిపోని కథ. రెండు కథలూ చెప్పుకుందాం.

బీరు డబ్బా ఇచ్చిన ఇంటిపేరు

కథాస్థలం ఆస్ట్రేలియా. కాలం, ఇంకా రాని కాలం. భూమి అంతా పాడైపోయి, జనం కొన్ని పెద్ద పెద్ద నగరాల్లోకి చేరిపోయారు. నగరాల మధ్య మిగిలిన బీడు పేరు 'గ్యాప్'. చాలా ఏళ్ల క్రితం ఆ బీడులో ఒక హెలికాప్టర్ కూలింది. తల్లి చనిపోయింది, పసివాడు మిగిలాడు. అక్కడి ఆదివాసులు వాణ్ణి చేరదీశారు. పేరు పెట్టాలి కదా! దగ్గర్లో 'ఫాస్టర్స్' అన్న బీరు డబ్బా ఒకటి పడి ఉంది. అంతే, మన హీరో రాబర్ట్ ఫాస్టర్ అయ్యాడు. మన సినిమాల్లో తప్పిపోయిన బిడ్డకు మెడలో గొలుసో, చేతి మీద పచ్చబొట్టో ఉంటుంది. ఇక్కడ బీరు డబ్బా!

పాత ఇనుము ఏరుకుని, దానితో పనికొచ్చే వస్తువులు చేయడం ఆ ఎడారిలో ఫాస్టర్ నేర్చిన విద్య. ఆ విద్యతోనే ఒక నేస్తాన్ని చేసుకున్నాడు. పేరు జోయీ. మనిషి కాదు, అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు. ఏ యంత్రంలో పెడితే ఆ యంత్రమే దాని ఒళ్లు. పరకాయ ప్రవేశం అన్నమాట! ఆట మొదట్లో తుక్కులో దొరికిన ఒక బుల్లి రోబోలో జోయీని పెడతాడు ఫాస్టర్. ఇల్లు ఊడ్చే యంత్రంలా ఉన్న ఆ ఒళ్లు జోయీకి బొత్తిగా నచ్చదు. అక్కణ్ణుంచి సణుగుడు మొదలు. ఆ సణుగుడు కోసమే ఈ ఆటను మళ్లీ మళ్లీ ఆడేవాళ్లున్నారు. మన సినిమాల్లో హీరో పక్కన హాస్యనటుడు లేకపోతే రెండో రీలుకే జనం కుర్చీల్లో కదులుతారు కదా, ఆ కిటుకు ఈ ఇంగ్లండు వాళ్లకీ తెలుసు.

తలకిందుల నగరం

హెలికాప్టర్ కూలిన ఆ నగరం పేరు యూనియన్ సిటీ. దాని కట్టుబడిలోనే ఉంది అసలు చమత్కారం. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'మెట్రోపోలిస్' (1927) చూసినవాళ్లకు గుర్తుంటుంది. అందులో ధనవంతులు పైన, కూలీలు భూమి కింద. ఈ ఆటలో సరిగ్గా ఎదురు! పొగా, మసీ, ఫ్యాక్టరీలూ పై అంతస్తుల్లో. అక్కడ పనివాళ్లు. కిందకు దిగేకొద్దీ గాలి శుభ్రం, మనుషులు దర్జా. నేల మీద పార్కూ, చెరువూ, క్లబ్బూ. అంటే మన హీరో పైనుంచి కిందకు దిగడమే పై తరగతికి ఎక్కడం! ఏ లిఫ్టు ఎవరు ఎక్కాలో చేతిలో ఉన్న కార్డు చెబుతుంది. కార్డు లేనివాడు మనిషే కాదు.

ఈ నగరాన్ని నడిపేది మనిషి కాదు, 'లింక్' అనే మహా కంప్యూటరు. గోడ గోడకీ దాని కన్ను ఉంటుంది. ఫాస్టర్‌ను ఎత్తుకొచ్చిన రైక్ అనే అధికారి, పారిపోయిన కుర్రాణ్ణి కొలిమి గదిలో పట్టుకుని తుపాకీ గురిపెడతాడు. ఇక అయిపోయింది అనుకునే లోపల, గోడకున్న ఆ కన్ను కాల్చేస్తుంది... ఫాస్టర్‌ను కాదు, రైక్‌ను! తన మనిషినే లింక్ ఎందుకు చంపుకుంది? ఈ పరాయి కుర్రాణ్ణి ఎందుకు కాపాడింది? అక్కడ పడిన ముడి చివరిదాకా విడదు.

బొమ్మలు గీసిన చెయ్యి

ఇంత చీకటి నగరాన్ని గీసిందెవరు? డేవ్ గిబ్బన్స్. కామిక్స్ చదివేవాళ్లకు ఈ పేరు వేరే చెప్పనక్కర్లేదు. అలన్ మూర్ రాయగా గిబ్బన్స్ బొమ్మలు వేసిన 'వాచ్‌మెన్' 1986లోనూ 87లోనూ పన్నెండు సంచికలుగా వచ్చి, బొమ్మల కథలంటే పిల్లలకే అన్న మాటను చెరిపేసింది. 2009లో జాక్ స్నైడర్ దాన్ని సినిమాగా కూడా తీశాడు. అంతకు ముందు బ్రిటిష్ వారపత్రిక '2000 ఏ.డి.'లో 'రోగ్ ట్రూపర్' బొమ్మలు వేసింది కూడా ఈయనే.

ఈ ఆట దర్శకుడు చార్లెస్ సెసిల్. బొమ్మలే లేని కాలంలో, తెర మీద ఒట్టి అక్షరాలతోనే నడిచే సాహసాల ఆటలు రాసి ఈ రంగంలోకి వచ్చినవాడు. 1990లో కొందరు మిత్రులతో కలిసి హల్ అనే రేవు పట్నంలో 'రెవల్యూషన్ సాఫ్ట్‌వేర్' అన్న సంస్థ పెట్టాడు. 1992లో వాళ్ల మొదటి ఆట 'లూర్ ఆఫ్ ది టెంప్ట్రెస్' వచ్చింది. రెండో ఆటకు గిబ్బన్స్‌ను పిలిచారు. ఆయన పెన్సిలుతో గీసిన నేపథ్య చిత్రాలను కంప్యూటర్లోకి ఎక్కించి, రంగులు అద్దారు. ఫాస్టర్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఒక కామిక్ పుస్తకం కూడా ఆయనతోనే వేయించి, ఆట పెట్టెలో పెట్టి అమ్మారు. పుస్తకం చదివి, చివరి పేజీ మూసి, అక్కణ్ణుంచి ఆట మొదలుపెట్టాలి.

సినిమా తీయబోయే ముందు షాటు షాటుకూ బొమ్మ గీసుకునే బాపు గారిని ఎరిగిన మనకు ఇందులో వింత లేదు. బొమ్మ గీసేవాడికి కెమెరా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఈ ఆటలో ప్రతి దృశ్యమూ అలాంటిదే. తుప్పు పట్టిన పైపుల మధ్య ఫాస్టర్ చీమంత కనిపిస్తాడు. నగరం ఎంత పెద్దదో, మనిషి ఎంత చిన్నవాడో ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోతుంది. చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ పాతకాలపు తెరలో, 256 రంగుల్లోనే ఇదంతా!

చూపించు... నొక్కు!

ఇంతకీ ఎలా ఆడాలి? తుపాకీ పేల్చడం, కారు నడపడం లాంటివి ఇందులో లేవు. దీన్ని 'పాయింట్ అండ్ క్లిక్' ఆట అంటారు. తెర మీద వస్తువును మౌస్‌తో చూపించడం, నొక్కడం. ఒక బొత్తాం నొక్కితే ఫాస్టర్ ఆ వస్తువును చూసి నాలుగు ముక్కలు చెబుతాడు. రెండోది నొక్కితే తీసుకుంటాడు, తెరుస్తాడు, మాట్లాడతాడు. బాణం గుర్తును తెర పైకి తీసుకెళ్తే జేబులో ఉన్నవన్నీ వరసగా కనిపిస్తాయి. అంతే! వేళ్ల చురుకుతో పని లేదు, బుర్ర ఉంటే చాలు.

మొదటి చిక్కు చూడండి. కింద అరుస్తున్న కాపలావాళ్లు. ఎదురుగా మూసిన తలుపు. చేతిలో ఏమీ లేదు. చుట్టూ చూస్తే మెట్ల దగ్గర ఒక కమ్మీ వదులుగా ఉంది. దాన్ని ఊడదీసి తలుపు సందులో పెట్టి ఎత్తితే దారి దొరుకుతుంది. ఇది అక్షరాభ్యాసం. పోనుపోను పాఠాలు ముదురుతాయి. ఒకచోట ఎదుటి భవనంలోకి దూరాలి. మధ్యలో అగాధం. ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఆఫీసులో విగ్రహం ఉంది, దాని చేతిలో లంగరుంది. వేరే చోట తెగిన కేబుల్ ఉంది. రెండూ కలిపి ఆలోచించినవాడికి దారి ఉంది, లేనివాడికి రాత్రంతా జాగారం ఉంది. ఈ వ్యాసకర్త జాగారం చేసిన బాపతే అని ఒప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు!

ఇంకో విశేషం. తక్కిన ఆటల్లో పాత్రలు నిలబెట్టిన చోట బొమ్మల్లా నిలబడి, మనం పలకరిస్తే పలుకుతాయి. ఇందులో మాత్రం తమ దారిన తాము తిరుగుతుంటాయి. ఫ్యాక్టరీ యజమానిలా పెత్తనం చేసే లాంబ్ తన పని మీద తను వస్తాడు, పోతాడు. మనం వెంటపడి పట్టుకోవాలి. ఈ ఏర్పాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు 'వర్చువల్ థియేటర్'. థియేటరన్న మాట ఊరికే పెట్టలేదు. తెర వెనక కూడా నటులు నటిస్తూనే ఉన్నట్టు అనిపిస్తుంది.

నవ్వుతూ నవ్వుతూ...

నేల మీది పార్కులో శ్రీమతి పియర్మాంట్ అనే సంపన్నురాలు తిరుగుతుంటుంది. ఆమె గారాల కుక్క స్పంకీ. పక్కనే ఒక చర్చి, గుమ్మంలో కాపలావాడు. లోపలికి పోవాలంటే వాడి దృష్టి మళ్లించాలి. చెరువు ఒడ్డున ఒక చెక్కపలక ఉంది. దాని మీద కుక్క బిస్కట్లు పెట్టి, స్పంకీ వచ్చి ఎక్కాక, రెండో వైపు బరువు పడేలా తాడు లాగితే... కుక్క గాల్లో గిరికీలు కొట్టి చెరువులో బుడుంగు! యజమానురాలు కేకలు. కాపలావాడు పరుగు. మనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతూ చర్చిలో అడుగు పెడతాం.

లోపల వరసగా ఇనప అరలు. ఒకటి తెరుస్తాం. అందులో ఒక శవం. అదీ మనకు తెలిసిన మనిషి శవం. నిన్న మొన్న ఫ్యాక్టరీలో మనతో మాట్లాడిన మనిషి. మనకు సాయం చేసిన మనిషి. ఎవరన్నది చెప్పను.

పెదాల మీది నవ్వు అక్కడే గడ్డకట్టుకుపోతుంది. ఈ ఆట గొప్పదనం నాకు అక్కడే అర్థమైంది. ఆ రోజుల్లో అమెరికాలో ఇలాంటి ఆటలు చేసే పెద్ద సంస్థలు రెండు ఉండేవి. ఒకటి సియెర్రా, రెండోది లూకాస్ ఆర్ట్స్. ఒకరివి గంభీరంగా నడిచే కథలు, మరొకరివి కడుపుబ్బ నవ్వించే కథలు. ఆ రెండింటికీ నడుమ దారి తొక్కాలనుకున్నానని సెసిల్ చెప్పుకున్నాడు. ఆ నడుమ దారి అంటే ఇదే. నవ్వించి తలుపు తీయించి, లోపల గుండె పిండడం.

లోపాలు లేవా? లేకేం! కొన్ని వస్తువులు తెర మీద ఆవగింజంత ఉంటాయి. కళ్లు చిట్లించి వెతుక్కోవాలి. కిటుకులు తెలిసినవాడు ఒక్క రోజులో ముగించేస్తాడు. ఆస్ట్రేలియాలో పెరిగిన ఫాస్టర్ అమెరికా యాసలో ఎందుకు మాట్లాడతాడో ఆ పైవాడికే తెలియాలి. పైగా జాగ్రత్త లేకపోతే హీరో చచ్చిపోతాడు కూడా. కనుక ఎప్పటికప్పుడు ఆటను దాచుకుంటూ పోవడం మంచిది.

పదిహేను డిస్కుల బండి

ఇక రెండో కథ. 1994లో ఇంటింటా కనిపించే కంప్యూటర్లలో అమీగా ఒకటి. అందులో ఆడాలంటే ఈ ఆట పదిహేను ఫ్లాపీ డిస్కుల మీద వచ్చింది! ఒక్కో డిస్కులో పట్టేది 880 కిలోబైట్లు. పదిహేనూ కలిపితే 13 మెగాబైట్లకు కాస్త ఎక్కువ. ఈనాడు మీ ఫోనులో తీసే నాలుగైదు ఫొటోలంత! ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే డిస్కు మార్చు, మళ్లీ మార్చు... ఒకే ప్రొజెక్టరున్న టూరింగ్ టాకీసులో రీలు రీలుకూ లైట్లు వెలిగేవని మన పెద్దవాళ్లు చెబుతారు కదా, సరిగ్గా అదే తంతు. సీడీ మీద వచ్చిన దానికి మాత్రం ఈ బాధ లేదు. పైగా పాత్రలకు గొంతులు కూడా పెట్టారు.

ఆ తరవాత ఏమైంది? అన్ని పాత ఆటలకూ ఏమవుతుందో అదే. అమీగా కంపెనీ దివాలా తీసింది. ఫ్లాపీలకు బూజు పట్టింది. కొత్త కంప్యూటర్లు పాత ఆటలను గుర్తుపట్టడం మానేశాయి. రెవల్యూషన్ వాళ్లు కూడా 1996లో 'బ్రోకెన్ స్వోర్డ్' అనే ఆటతో ఇంకా పెద్ద పేరు తెచ్చుకుని ముందుకు సాగిపోయారు. 'ఉక్కు ఆకాశం' పాతబడ్డ పోస్టరులా గోడకే చిరిగిపోవలసింది.

సినిమా అభిమానులకు ఈ బాధ కొత్త కాదు. మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' 1931లో విడుదలైంది. ఈనాడు దాని ప్రింటు లేదు. ఫొటోలు ఉన్నాయి, పోస్టర్లు ఉన్నాయి. సినిమా మాత్రం లేదు! పేరు మిగిలి బొమ్మ పోవడం కంటే పెద్ద విషాదం కళలో ఏముంటుంది?

ఈ ఆటకు ఆ గతి పట్టలేదు. 2001లో కొందరు ఔత్సాహికులు 'స్కమ్‌వీఎమ్' అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. పాత సాహసాల ఆటలను కొత్త యంత్రాల మీద ఆడించే ప్రొజెక్టరు లాంటిది అది. జీతం లేదు, లాభం లేదు, ప్రేమ ఒక్కటే పెట్టుబడి. రెవల్యూషన్ వాళ్లు వాళ్లను కోర్టుకు లాగలేదు. తలుపు తెరిచారు! తమ ఆట గుట్టుమట్లన్నీ ఉన్న అసలు ప్రోగ్రామును వాళ్ల చేతిలో పెట్టారు. అంతటితో ఆగలేదు. 2003 ఆగస్టులో ఆట మొత్తాన్నీ జనానికి ఉచితంగా వదిలేశారు. తొమ్మిదేళ్ల వెనకటి సొత్తును దాచుకుని కుళ్లబెట్టడం కన్నా పంచిపెట్టడం మేలనుకున్నారు.

ఫలితం? ఎవరి దగ్గర ఏ యంత్రముంటే ఆ యంత్రం మీదకు ఆట పాకింది. లినక్స్ వాడేవాళ్ల ఉచిత భాండాగారాల్లో చేరింది. 2009లో ఐఫోన్ కోసం మెరుగులు దిద్దితే, గిబ్బన్స్ మళ్లీ కలం పట్టి కొత్త కదిలే బొమ్మలు చేర్చాడు. 2020లో ఏకంగా రెండో భాగమే వచ్చింది, 'బియాండ్ ఎ స్టీల్ స్కై'. అందులో పదేళ్ల తరవాత, ఎత్తుకుపోయిన ఒక పిల్లవాణ్ణి వెతుక్కుంటూ ఫాస్టర్ మళ్లీ అదే నగరంలో అడుగు పెడతాడు. దర్శకుడు అదే సెసిల్, బొమ్మల చెయ్యి అదే గిబ్బన్స్! ఉచితంగా పంచిన సరుకు ఊరికే పోలేదు. పదిహేడేళ్లపాటు ఊరూరా అభిమానులను పోగుచేసి పెట్టింది.

ఆ కుర్చీలో ఎవరు?

క్లైమాక్స్ చెప్పేస్తే ఇంటికొచ్చి తంతారు కనుక చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను. మహానగరం అడుగున, లింక్ గుండెకాయ దగ్గర ఒక కుర్చీ ఉంటుంది. మనిషి లేకుండా తనంత తానే నడుస్తుందని అందరూ అనుకునే ఆ యంత్రానికి నిజానికి ఒక మనిషి కావాలి. రైక్ ఎందుకు చచ్చాడో, ఫాస్టర్ ఎందుకు బతికాడో, ఆ గూడెం ఎందుకు కాలిందో అన్నీ అక్కడే తేలతాయి. అక్కడికి చేరేసరికి అందరికంటే ఎక్కువ సణిగిన నేస్తమే మనకు అందరికంటే దగ్గరివాడైపోతాడు. ఆ కుర్చీ ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు దొరికినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. చుక్కల బొమ్మలు చూసి గొంతు పూడుకుపోవడమేమిటని నవ్వకండి, మీరూ ఆడి చూశాక మాట్లాడండి.

యంత్రాలకు బుర్రలొస్తున్నాయని, మన పనులన్నీ అవే చేసేస్తాయని ఈనాడు వీధి చివర టీ కొట్టులో కూడా చర్చలు సాగుతున్నాయి. ముప్ఫై ఏళ్ల కిందటే ఒక బొమ్మల కథ, కుక్కను చెరువులో పడేస్తూ, రోబోతో సణిగిస్తూ, ఆ సంగతే అడిగింది. యంత్రం వెనక ఉన్న మనిషి ఎవరు అని.

టికెట్టు లేదు, క్యూ లేదు, బ్లాకు బాధ లేదు. 'గాగ్' అనే ఆటల దుకాణంలో ఉచితంగా దొరుకుతుంది. పాత కంప్యూటరైనా చాలు, ఇంగ్లీషు కాస్త వస్తే చాలు. వచ్చే ఆదివారం మీ హాల్లో సినిమా బాగుండకపోతే ఇంటికొచ్చి ఈ ఆట పెట్టుకోండి. మొదటి తలుపు దగ్గర ఇరుక్కుంటే గాభరా పడకండి.

మెట్ల కమ్మీ సంగతి చెప్పానుగా!